ఒకే పెల్లెట్‌కు నాలుగు ఉష్ణ విలువలు: మా ల్యాబ్‌లో తేలిన ఒక బాంబ్ కెలోరీమీటర్ కేసు

బాయిలర్ ఇన్‌చార్జ్ రెండు కాగితాలు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చారు. ఒకటి బాయిలర్‌లో కాల్చే రంపపు పొట్టు పెల్లెట్లు (పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న ముక్కలు) సరఫరా చేసినవాళ్ల టెస్ట్ రిపోర్ట్. రెండోది అదే సరుకు మీద మా ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్. మొదటిదాంట్లో ఉష్ణ విలువ, అంటే ఇంధనం పూర్తిగా కాలితే వచ్చే వేడి, కిలోకు 4,800 కిలోక్యాలరీలు. మాదాంట్లో కిలోకు 17.61 మెగాజూల్స్. కిలోక్యాలరీలను 4.1868తో గుణించి చూస్తే వాళ్లది 20.10 మెగాజూల్స్ అవుతుంది. అంటే దాదాపు రెండున్నర మెగాజూల్స్ తేడా.

"మేడమ్, వాళ్ల నంబర్‌తో లెక్కేస్తే బాయిలర్ సామర్థ్యం 66 శాతం వస్తోంది. మీ నంబర్‌తో 75 వస్తోంది. తయారీదారు 80 ఇస్తానన్నాడు. నేను బాయిలర్ ఆపి ట్యూబులు విప్పాలా, లేక ఇంధనం వాళ్లను నిలదీయాలా?" అని అడిగారు.

వచ్చే వారం బాయిలర్ ఆపడానికి మనుషులను కూడా మాట్లాడి పెట్టుకున్నారు. మా రిపోర్ట్ మీద సంతకం నాదే. ఏ నంబర్ సరైనదో ఆ క్షణంలో నేను చెప్పలేకపోయాను. నాలుగు రోజులు టైం అడిగాను. ఆ నాలుగు రోజుల్లో ఏం చేశామో, ఏం దొరికిందో ఇది. ఉష్ణ విలువ కొలిచే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని లెక్కలతో సహా రాస్తున్నాను.

పరికరం చేసే పని

బాంబ్ కెలోరీమీటర్ ఆలోచన పాతదే. మంచు కరగడాన్ని బట్టి వేడిని కొలిచే పరికరాన్ని లవోయిజియే, లాప్లాస్ 1782-83 చలికాలంలో వాడారు. మందపాటి లోహపు పాత్రలో ఒత్తిడితో ఆక్సిజన్ నింపి, అందులో ఇంధనాన్ని మండించే పద్ధతిని బెర్తెలో 19వ శతాబ్దం చివర్లో తెచ్చాడు. ఈ రోజుకీ మా బల్ల మీద ఉన్నది మూలంలో అదే.

సుమారు ఒక గ్రాము ఇంధనాన్ని చిన్న క్రూసిబుల్‌లో (మంటను తట్టుకునే గిన్నెలో) పెడతాం. దాన్ని తాకేలా సన్నని ఫ్యూజ్ వైర్, నూలు దారం అమరుస్తాం. బాంబ్ అడుగున కొద్దిగా నీళ్లు పోసి, మూత బిగించి, 30 బార్ ఒత్తిడి వచ్చేదాకా ఆక్సిజన్ నింపుతాం. దాన్ని సుమారు రెండు లీటర్ల నీళ్లున్న బకెట్‌లో దించి, కరెంట్ ఇచ్చి వెలిగిస్తాం. వెలిగించిన వెంటనే ఎవరూ దాని మీదికి వంగి చూడకూడదు, ఈ విషయంలో మా ల్యాబ్‌లో ఎవరికీ మినహాయింపు లేదు. లోపల మండినప్పుడు పుట్టిన వేడంతా బాంబ్ గోడ నుంచి నీటికి చేరుతుంది. నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూసి, దాన్ని ఆ పరికరం మొత్తానికి ఉన్న ఉష్ణధారణతో (అది ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సిన వేడితో) గుణిస్తే వేడి ఎంతో వస్తుంది.

మా పరికరానికి ఆ ఉష్ణధారణ డిగ్రీకి సుమారు 10,100 జూల్స్. అంటే థర్మామీటర్‌లో డిగ్రీలో వెయ్యోవంతు తప్పితే ఫలితంలో 10 జూల్స్ తప్పుతుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ, ఇప్పటి థర్మామీటర్లు పదివేలోవంతు దాకా చూపిస్తాయి. చాలామంది అనుమానం మొదట అక్కడికే పోతుంది. నా అనుభవంలో మాత్రం ఉష్ణోగ్రత కొలత వల్ల పెద్ద తేడా రావడం అరుదు.

నోట్‌బుక్‌లో మూడు అంకెలు

మొదటి పని పరికరం జోలికి పోకుండా నోట్‌బుక్ తెరవడం. 17.61 అనేది సగటు (కిలోకు ఒక మెగాజూల్ అంటే గ్రాముకు వెయ్యి జూల్స్). దాని వెనక ఉన్న మూడు పరీక్షల్లో గ్రాముకు 17,420, 17,810, 17,590 జూల్స్ వచ్చాయి. పెద్దదానికీ చిన్నదానికీ మధ్య 390 జూల్స్ తేడా.

ఇక్కడే నేను ఆగి ఉండాల్సింది. బొగ్గుకు వాడే ఐఎస్ఓ 1928 ప్రమాణం ప్రకారం ఒకే ల్యాబ్‌లో, ఒకే పరికరం మీద, ఒకే నమూనాకు రెండుసార్లు చేసినప్పుడు తేడా గ్రాముకు 120 జూల్స్ దాటకూడదు. కలప ఇంధనానికి కూడా మేం లోపల ఇదే హద్దు పెట్టుకున్నాం. 390 వచ్చిన రోజునే ఆ మూడింటినీ పక్కన పెట్టి కారణం వెతకాలి. మా జూనియర్ సగటు తీసి రాసింది. నేను సగటు మాత్రమే చూసి సంతకం పెట్టాను. కుదురులేని మూడు అంకెల సగటు చూడటానికి ఎంతో కుదురుగా కనిపిస్తుంది, నన్ను బోల్తా కొట్టించింది అదే.

ఆమెను పిలిచి అడిగాను. "ఆ తేడా చూసి నీకు ఏమనిపించింది?"

"కలప కదా మేడమ్, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందేమో అనుకున్నాను."

ఆ ఆలోచనలో నిజం లేకపోలేదు. కానీ మేం పరీక్షించేది పెల్లెట్‌ను కాదు, దాన్ని బాగా మర వేసి, జల్లించి, కలిపిన పొడిని. ఒక సీసాలో కలిపిన పొడిలోంచి తీసిన మూడు గ్రాముల మధ్య అంత తేడా ఉండదు. కారణం పద్ధతిలోనే ఉండాలి.

పరికరం మీద అనుమానం తీర్చుకోవడం

ముందు పరికరాన్ని బెంజోయిక్ ఆమ్లంతో సరిచూశాం. ఈ పనికి ప్రపంచమంతా వాడే ప్రామాణిక పదార్థం ఇదే. శుభ్రంగా దొరుకుతుంది, గాలిలో తేమను పెద్దగా పీల్చుకోదు, బిళ్లగా బాగా కుదురుతుంది, మసి లేకుండా మండుతుంది. ధ్రువీకరించిన విలువ గ్రాముకు 26,434 జూల్స్.

ఒక పరీక్ష లెక్క పూర్తిగా చూపిస్తాను. బిళ్ల బరువు 1.0042 గ్రాములు. దాని నుంచి రావాల్సిన వేడి 26,545 జూల్స్. ఫ్యూజ్ వైర్, దారం కాలడం వల్ల వచ్చింది 62 జూల్స్. బాంబ్‌లో మిగిలిన గాలిలోని నత్రజని కొంత నైట్రిక్ ఆమ్లంగా మారుతుంది, అప్పుడు కూడా వేడి పుడుతుంది. కడిగిన నీళ్లలోని ఆమ్లాన్ని క్షారంతో కొలిచి (టైట్రేట్ చేసి) చూస్తే అది 38 జూల్స్. మొత్తం 26,645. బయటి వాతావరణంతో జరిగిన ఉష్ణ మార్పిడిని తీసేశాక ఉష్ణోగ్రత పెరిగింది 2.6290 డిగ్రీలు. భాగిస్తే పరికరం ఉష్ణధారణ డిగ్రీకి 10,135 జూల్స్.

అలా 5 సార్లు చేశాం. 10,131, 10,142, 10,135, 10,128, 10,139 వచ్చాయి. సగటు 10,135. అంతకుముందు మేం వాడుతున్న విలువ 10,120. ఈ రెండింటి తేడా కలప ఫలితంలో 27 జూల్స్‌కు మించదు. మేం వెతుకుతున్నది 2,500 జూల్స్. పరికరం బాగానే ఉంది.

బాంబ్ అడుగున దొరికిన గింజలు

తర్వాత పాత పద్ధతిలోనే, కావాలని ఏమీ మార్చకుండా, మా జూనియర్‌ను ఒక పరీక్ష చేయమని పక్కన నిలబడి చూశాను. ఆమె పొడిని బిళ్లగా నొక్కకుండా అలాగే క్రూసిబుల్‌లో పోసింది. ఆక్సిజన్ వాల్వ్ ఒక్కసారిగా తిప్పింది, అర నిమిషంలోపే 30 బార్ వచ్చేసింది. ఫలితం 17,650 జూల్స్.

బాంబ్ తెరిచాక సాధారణంగా వెంటనే లోపలంతా నీళ్లతో కడిగేస్తారు, ఆ నీళ్లు టైట్రేషన్‌కు కావాలి కాబట్టి. ఈసారి కడగనివ్వలేదు. టార్చ్ వేసి చూశాం. క్రూసిబుల్ అంచున నల్లటి మసి ఉంది. అడుగున నీళ్లలో గోధుమరంగు గింజలు తేలుతున్నాయి. కొన్నింటికి మంట సెగ కూడా తగల్లేదు, పచ్చి పొట్టులాగే ఉన్నాయి. వాటిని వడకట్టి, ఆరబెట్టి తూచాం. 31 మిల్లీగ్రాములు.

కారణం రెండు రకాలు. కలప పొడి తేలిక. ఆక్సిజన్ వేగంగా దూసుకొస్తే వెలిగించకముందే కొంత పొడి ఎగిరి కింద పడుతుంది. మిగిలింది వెలిగినప్పుడు ఒక్కసారిగా వాయువులు చిమ్మి మరికొంత చెదురుతుంది. నీళ్లలో పడ్డ గింజ ఇక కాలదు. తూచిన గ్రాములో దాని బరువు కలుస్తుంది, వేడిలో దాని వంతు కలవదు. మసి సంగతి కూడా అంతే. ఒక గ్రాము కార్బన్ పూర్తిగా కాలితే దాదాపు 32,800 జూల్స్ ఇస్తుంది కాబట్టి 10 మిల్లీగ్రాముల మసి మిగిలినా 300 జూల్స్‌కు పైగా పోయినట్టే. ఒక్కోసారి ఎక్కువ చెదురుతుంది, ఒక్కోసారి తక్కువ. మూడు ఫలితాలు మూడు దిక్కులు పోవడం అందుకే.

మందు చాలా చిన్నది. పొడిని చేతి ప్రెస్‌లో బిళ్లగా నొక్కాలి. నొక్కిన తర్వాతే తూచాలి. ఆక్సిజన్‌ను నిమిషం పైగా తీసుకుని మెల్లగా నింపాలి. ఈసారి ఫలితాలు 18,310, 18,365, 18,340. తేడా 55 జూల్స్. క్రూసిబుల్‌లో లేత బూడిద తప్ప ఏమీ లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. సగటు గ్రాముకు 18,338 జూల్స్.

అప్పటి నుంచి మా నోట్‌బుక్‌లో "బాంబ్ లోపల చూసిన సంగతి" అని ఒక గడి ఉంది. మసి, గింజలు ఉంటే అంకె ఎంత బాగున్నా ఆ పరీక్ష చెల్లదు. ఇలాంటి పనికి థర్మామీటర్ కంటే టార్చ్‌లైట్ ఎక్కువ సాయం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

తేమ దగ్గర పడబోయిన రెండో గుంట

18.34కీ 20.10కీ ఇంకా చాలా దూరం ఉంది. సరఫరాదారు ల్యాబ్‌కు ఫోన్ చేసి "మీ 4,800 ఏ ఆధారం మీద?" అని అడిగాను. అవతలివైపు అనలిస్ట్ ఎంతో ఓపికగా మాట్లాడారు. "డ్రై బేసిస్ అండీ, గ్రాస్. రిపోర్ట్ ఫార్మాట్‌లో ఆ మాటకు చోటు లేదు" అన్నారు.

అంటే తేమ అసలు లేని కలపకు వాళ్లు విలువ చెప్పారు. (గ్రాస్ అంటే ఏమిటో కింద చెబుతాను, బాంబ్‌లో వచ్చే మా అంకె కూడా గ్రాసే.) మేం పరీక్షించిన పొడిలో తేమ ఉంది. రెండింటినీ పోల్చాలంటే మాదాన్ని కూడా డ్రై బేసిస్‌కు మార్చాలి. మార్చడం తేలికే: వచ్చిన విలువను తేమ పోగా మిగిలిన భాగంతో భాగించడమే. తేమ ఎంత అని రిజిస్టర్ చూస్తే 9.4 శాతం అని ఉంది. 18,338ని 0.906తో భాగిస్తే 20,241. ఇప్పుడు మా విలువ వాళ్లదాన్ని దాటేసింది!

అప్పుడే తేదీ చూశాను. ఆ తేమ పరీక్ష చేసి మూడు రోజులైంది. ఈ మధ్యలో పొడి ఉన్న సీసా మూత సరిగ్గా బిగించకుండా ఏసీ గదిలో, తక్కెడ పక్కనే ఉంది. మెత్తగా మర వేసిన కలప పొడి చుట్టూ ఉన్న గాలికి తగ్గట్టు తేమను వదులుతుంది, పీల్చుకుంటుంది. గంటల్లోనే మారిపోతుంది. అదే రోజు, అదే సీసాలోంచి మళ్లీ పొడి తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి చూస్తే తేమ 8.0 శాతం వచ్చింది.

18,338ని 0.92తో భాగిస్తే 19,933 జూల్స్. తేమలో 1.4 శాతం పొరపాటు వల్ల మా ఫలితం 308 జూల్స్ జరిగిపోయేది. ఐఎస్ఓ 1928లో రెండు వేర్వేరు ల్యాబ్‌ల మధ్య అనుమతించే తేడాయే 300 జూల్స్. ఎంతో ఖర్చుపెట్టి కొన్న కెలోరీమీటర్‌ను గొప్పగా నడిపి, పాత తేమ అంకెతో మొత్తం పాడుచేసుకోవచ్చని నాకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పుడు తేమకు, ఉష్ణ విలువకు ఒకే సమయంలో పక్కపక్కనే తూస్తున్నాం.

మధ్యలో ఒక తప్పుడు సాక్ష్యం

ఈ పని జరుగుతుండగా ఒక సహోద్యోగి మూలక విశ్లేషణతో లెక్కేసి చూశారు. డ్రై బేసిస్ మీద మా నమూనాలో కార్బన్ 49.8 శాతం, హైడ్రోజన్ 6.1, ఆక్సిజన్ 42.0, నత్రజని 0.2, బూడిద 1.9. మూలకాల శాతాల నుంచి ఉష్ణ విలువను అంచనా వేసే డ్యూలాంగ్ సూత్రంలో వేస్తే కిలోకు 18.07 మెగాజూల్స్ వస్తుంది. "చూశారా, వాళ్ల 20.10 ఎక్కువ చేసి చూపించిందే" అన్నారు.

అలా తేల్చేయడం అన్యాయం. డ్యూలాంగ్ సూత్రం ఇంధనంలోని ఆక్సిజన్ అంతా ముందే హైడ్రోజన్‌తో కలిసి నీరైపోయినట్టు లెక్కగడుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బొగ్గుకు అది బాగానే నప్పుతుంది. కలపలో ఆక్సిజన్ 40 శాతం పైన ఉంటుంది, అందులో చాలా భాగం కార్బన్‌కు కూడా కట్టుకుని ఉంటుంది. అందుకే కలపకు ఆ సూత్రం తక్కువ చూపిస్తుంది. మేం కొలిచింది 19.93, సూత్రం చెప్పింది 18.07. కొలతను సూత్రంతో సరిచూసుకునే ముందు ఆ సూత్రం ఏ ఇంధనం కోసం పుట్టిందో చూసుకోవాలి. ఆ కాగితాన్ని ఫైల్‌లోంచి తీయించేశాను, ఎందుకంటే సరఫరాదారు మీద నింద వేయడానికి అది రేపు ఎవరికైనా దొరికితే ప్రమాదం.

మిగిలిన 164 జూల్స్

వాళ్లది 20,097. మాది 19,933. తేడా 164 జూల్స్. రెండు ల్యాబ్‌ల మధ్య ఇంత తేడా మామూలే అని ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపాలనిపించలేదు. వాళ్ల బూడిద ఎంత అని అడిగాను. 1.2 శాతం అన్నారు. మాది 1.9.

బూడిద వేడినివ్వదు, బరువు మాత్రం ఇస్తుంది. బూడిదను కూడా తీసేసి, మండే పదార్థం ఒక్కదానికే విలువ కడితే వాళ్లది 20,341, మాది 20,319. తేడా 22 జూల్స్!

ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఒకరినొకరు చూడని రెండు ల్యాబ్‌లు, వేర్వేరు పరికరాలు, వేర్వేరు చేతులు. ఒకే కలపను వెయ్యిలో ఒక వంతు తేడాతో కొలిచాయి. పరికరాల్లో తేడా లేదు. నమూనాల్లో ఉంది.

వాళ్లు నమూనా తీసింది మెషిన్‌లోంచి పెల్లెట్లు వస్తున్నప్పుడు, లైన్ మీద. మా మనిషి తీసింది యార్డ్‌లో గుట్ట అడుగున, పారతో. మా బూడిదను భూతద్దం కింద పెడితే ఎర్రటి ఇసుక రేణువులు కనిపించాయి. నేల మీది మట్టి అది. వాళ్ల కలపలో లేదు, మా గుట్టలో చేరింది.

తప్పు అంకె, సరైన అంకె ఒకచోట కలిసినప్పుడు

ఇక బాయిలర్ ఇన్‌చార్జ్‌కు జవాబు చెప్పాలి. బాయిలర్‌లోకి పోయేది పొడి కలప కాదు, యార్డ్‌లో ఉన్న తేమతో సహా పోతుంది. సామర్థ్య పరీక్ష జరిగిన రోజున కన్వేయర్ మీద నుంచి తీసి మూసిన డబ్బాలో పెట్టిన నమూనాలో తేమ 11.6 శాతం. కాబట్టి బాయిలర్ చూసిన గ్రాస్ ఉష్ణ విలువ 19,933ని 0.884తో గుణిస్తే వచ్చే 17,621 జూల్స్. కిలోకు 17.62 మెగాజూల్స్.

ఆయన వెంటనే నా పాత రిపోర్ట్ బల్ల మీద పెట్టారు. "మేడమ్, ఇందులో 17.61 ఉంది. అంటే మీరు మొదటే సరిగ్గా ఇచ్చారు కదా? ఇన్ని రోజులు ఎందుకు తిప్పలు పడ్డారు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు ముందురోజు రాత్రే తెలుసు. ఆ 17.61 అంకెను చూసి నేను కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాను. అది సరైన జవాబు కాదు. మేం పరీక్షించిన పొడి 8.0 శాతం తేమతో ఉంది, దానికి సరైన విలువ 18.34. చెదిరిపోయిన పొట్టు వల్ల 4 శాతం పోగొట్టుకుని 17.61 రాశాం. మరోవైపు పొడి తేమ 8.0 నుంచి కన్వేయర్ తేమ 11.6కు మారితే విలువ కూడా 3.9 శాతం తగ్గుతుంది. రెండు వేర్వేరు కారణాలు ఒకే అంత కొలతలో ఉండటం వల్ల తప్పు అంకె వచ్చి ఒప్పు అంకె మీద కూర్చుంది. మర్నాడు పొట్టు కొంచెం తక్కువ చెదిరి ఉంటే 17.81 వచ్చేది, ఆ రోజు తేమ 14 ఉంటే సరైనది 17.14 అయ్యేది. ఇదంతా ఆయనకు వివరంగా చెప్పాను. పాత రిపోర్ట్ వెనక్కి తీసుకుని, రద్దు అని రాసి, కారణం కూడా రాసి కొత్తది ఇచ్చాను. పాతదాన్ని అలాగే వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అప్పుడు పొడిని నొక్కకుండా పోసే అలవాటు మా ల్యాబ్‌లో ఉండిపోయేది.

గ్రాస్, నెట్: బాయిలర్ బాగానే ఉందని తేలిన చోటు

ఇంకో ముడి మిగిలింది. 17.62తో లెక్కేస్తే సామర్థ్యం 75 శాతమే. తయారీదారు చెప్పిన 80 ఎక్కడ?

కలపలోని హైడ్రోజన్ కాలితే నీరవుతుంది. తేమ లేని కిలో కలపలో 61 గ్రాముల హైడ్రోజన్ ఉంటే దాని నుంచి అర కిలోకు పైగా నీరు పుడుతుంది. కాలే కలపలోంచి అంత నీరు వస్తుందంటే మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. బాంబ్ చల్లటి బకెట్‌లో ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి లోపలే ద్రవంగా మారి, గ్రాముకు దాదాపు 2,440 జూల్స్ చొప్పున తన వేడిని మనకు తిరిగి ఇచ్చేస్తుంది. పరీక్షకు ముందే అడుగున నీళ్లు పోసేది కూడా ఇందుకే, లోపలి ఖాళీ ముందే ఆవిరితో నిండి ఉంటే కొత్తగా పుట్టిన ఆవిరి అంతా ద్రవమవుతుంది. ఆ వేడి కూడా కలిపి చెప్పేది గ్రాస్ విలువ. మామూలు బాయిలర్‌లో ఆ ఆవిరి పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ వేడి చేతికి రాదు. అది తీసేసి చెప్పేది నెట్ విలువ.

లెక్క ఇలా సాగింది. తేమ లేని కలప గ్రాస్ 19,933. హైడ్రోజన్ నుంచి పుట్టిన ఆవిరితో పోయే వేడి కోసం హైడ్రోజన్ శాతం 6.1ని 212.2తో గుణిస్తే 1,294. బాంబ్‌లో ఘనపరిమాణం స్థిరంగా ఉంటుంది, బాయిలర్‌లో ఒత్తిడి స్థిరంగా ఉంటుంది. ఆ తేడా కోసం ఆక్సిజన్, నత్రజని శాతాల మొత్తం 42.2ని 0.8తో గుణిస్తే 34. రెండూ తీసేస్తే 18,605. దీన్ని 0.884తో గుణించి, 11.6 శాతం తేమను ఆవిరి చేయడానికి పోయే 283 జూల్స్ కూడా తీసేస్తే గ్రాముకు 16,163. అంటే కిలోకు 16.16 మెగాజూల్స్, సుమారు 3,860 కిలోక్యాలరీలు.

ఈ విలువతో సామర్థ్యం 82 శాతం. తయారీదారు కాగితం తెప్పించి చూస్తే 80 శాతం అనే హామీ కింద చిన్న అక్షరాల్లో నెట్ ఆధారంగా అని ఉంది. బాయిలర్‌కు ఏ జబ్బూ లేదు. ట్యూబులు విప్పే పని ఆపేశారు. ఇంధనం వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల 4,800 నిజమే, మా బాయిలర్‌కు పనికొచ్చే 3,860 కూడా నిజమే. రెండూ ఒకే పెల్లెట్‌వి.

కొత్త రిపోర్ట్‌లో ఉష్ణ విలువ ఒక్కటే గడిలో రాయడం మానేశాం. గ్రాస్ డ్రై, పరీక్షించిన పొడికి గ్రాస్, వచ్చిన తేమతో గ్రాస్, వచ్చిన తేమతో నెట్, ఈ నాలుగూ ఒకే వరుసలో వస్తాయి. పక్కనే తేమ, బూడిద, తేమ చూసిన తేదీ, సమయం. సరఫరాదారు ల్యాబ్ కూడా తమ ఫార్మాట్‌లో ఆధారం రాసే గడి చేర్చుకుంటామని కబురు పంపింది.

యార్డ్ నుంచి వచ్చిన చివరి సంగతి

పని అయిపోయిందనుకున్నాక బాయిలర్ ఇన్‌చార్జ్ అడిగిన మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. "ఈ 16.16 రోజూ ఇంతే ఉంటుందా?"

గుట్టలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి, వాన జల్లు తగిలే అంచు నుంచి విడివిడిగా నమూనాలు తీసి తేమ చూశాం. 9 శాతం నుంచి 14 శాతం దాకా ఉంది. ఈ కలపకు తేమ ఒక్క శాతం పెరిగితే నెట్ విలువ గ్రాముకు 210 జూల్స్ తగ్గుతుంది. దాంట్లో 186 జూల్స్ కలప బరువు తగ్గడం వల్ల, 24 ఆ నీటిని ఆవిరి చేయడం వల్ల. 9కీ 14కీ మధ్య తేడా 1,050 జూల్స్. మేం ల్యాబ్‌లో 55 జూల్స్ తేడాతో బిళ్లలు కాలుస్తుంటే, యార్డ్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెయ్యి జూల్స్ మారుతోంది.

దాంతో పని పంపిణీ మార్చాం. కెలోరీమీటర్ పరీక్ష కొత్త లాట్ వచ్చినప్పుడు ఒకసారి చేస్తాం, అదీ దించుతున్నప్పుడు వేర్వేరు చోట్ల నుంచి తీసి కలిపిన నమూనా మీద. గుట్ట అడుగున పార పెట్టడం పూర్తిగా ఆపించాం. తేమ పరీక్షను మాత్రం కన్వేయర్ దగ్గరి నమూనాతో ప్రతి షిఫ్ట్‌లో చేస్తున్నాం. ఓవెన్ బాయిలర్ గదికి దగ్గరగా మార్చాం. మా జూనియరే షిఫ్ట్ ఆపరేటర్లకు తూచడం నేర్పించింది. వాళ్లు ఆ రోజు తేమను పట్టికలో చూసుకుని, నెట్ విలువను బాయిలర్ లాగ్‌బుక్‌లో స్వయంగా రాసుకుంటున్నారు. పోయిన వారం జల్లు పడ్డ మర్నాడు పొద్దున తేమ 13.2 వచ్చింది. ఆవిరి ఎందుకు తగ్గిందని ల్యాబ్‌కు ఎవరూ ఫోన్ చేయలేదు, గుట్ట మీద టార్పాలిన్ కప్పారు.